రెండు పోగుల ఫ్యూజు

కృష్ణానగర్‌లో మేం అద్దెకున్న గదిలో ఒకటే ప్లగ్ పాయింట్ ఉండేది. దాంట్లోంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఆ బోర్డులోంచి మా ఇద్దరి జీవితాలూ బయల్దేరేవి. రెండు ఫోన్లు, ఒక టేబుల్ ఫ్యాను, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్. వీటన్నిటి మీదా పెత్తనం చేస్తూ మా రూమ్మేట్ గారి బేబీ లైటు.

బేబీ లైటంటే చిన్నపిల్లల గదిలో పెట్టే దీపం కాదు. షూటింగుల్లో వాడే వెయ్యి వాట్ల లైటు. మా సందు చివర ఉండే లైట్ మ్యాన్ అన్న, ఏదో స్టూడియో మూల దుమ్ము పట్టిపోతున్నదాన్ని బాగుచేసి వాడికిచ్చాడు. షూటింగు లేని రోజుల్లో ఆయన చుట్టుపక్కల ఇళ్ళ వైరింగు పనులు చేస్తాడు. మా పేటలో అంతే, ఫ్యాను రిపేరుకి పిలిచినా సినిమా మనిషే వస్తాడు. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు: ఇది వెలిగినంతసేపూ ఇంకేదీ వెయ్యొద్దు, సెట్లో అయితే వెనకాల జనరేటర్ బండి ఉంటుంది, మీ వెనకాల ఆంటీ ఇల్లుంది అని.

ఆంటీ అంటే మా ఇంటి ఓనరు. ఆ ఇల్లు ఒకప్పుడు ఒక కుటుంబం కోసం కట్టింది. తర్వాత అడ్డగోడలు లేపి ఆరు పోర్షన్లు చేశారు. మనుషులు ఆరింతలయ్యారు, వైరు మాత్రం మొదటి కుటుంబానిదే. చెక్క స్విచ్ బోర్డులు, లోపల పాత అల్యూమినియం తీగలు. స్విచ్ వేస్తే లోపల పోపు వేగిన శబ్దం. కింది పోర్షన్‌లో ఉండే డాన్సర్ గీజర్ వేస్తే మా ఫ్యాను రెక్కలు తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. బాత్రూమ్ పంపు తిప్పితే చెయ్యి జివ్వుమనేది. భయపడాల్సిన విషయమే, కానీ పొద్దున్నే నిద్ర వదలడానికి మాకు అదే దిక్కు.

నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక రచయిత ఆఫీసులో అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పని ఆయన డైలాగులు ఫెయిర్ చెయ్యడం, ఆశ నటించడం. ఆ ఆఫీసు కిటికీలోంచి చూస్తే జూబ్లీహిల్స్ బంగళాలు కనబడతాయి. అక్కడ కరెంటు పోతే పోయిన సంగతి ఇంట్లోవాళ్ళకి తెలిసేలోపే జనరేటర్ అందుకుంటుంది. మా దగ్గర పోతే ముందు ఆరు పోర్షన్లవాళ్ళూ బయటికొచ్చి పక్కవాడికి ఉందా లేదా చూసుకుంటారు. వాడికీ లేకపోతే మనసు కుదుటపడుతుంది. అయినా బంగళాల మీద నాకెప్పుడూ అసూయ పుట్టలేదు. అంత దూరం మీద కుళ్ళుకోవడం కుదరదు. సరైన కుళ్ళుకి దగ్గరితనం కావాలి. ఒకే సబ్బు వాడేవాడి మీద పుట్టాలి.

పుట్టింది. ఒక కాస్టింగ్ ఆఫీసు మా ఇద్దరికీ ఒకే పేజీ సీను పంపింది. పాత్ర ఒకటే, హీరో ఫ్రెండు. శనివారం సాయంత్రం ఆరులోపు ఎవరి వీడియో వాళ్ళు తీసి పంపాలి. ఇద్దరం ఒకరి వీడియోకి ఇంకొకరు కెమెరా వెనక నిలబడి హీరో మాటలు చదవాలని ఒప్పందం చేసుకున్నాం. మూడేళ్ళుగా హీరో పక్కన నిలబడే ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్ళం, ఒకరి పక్కన ఒకరం నిలబడలేమా అనుకున్నాం.

శుక్రవారం నా వంతు. వాడే లైటు సర్దాడు, వాడే ఫోను బిగించాడు, హీరో మాటలు కూడా నిజం హీరోలా చదివాడు. సీనులో స్నేహితుడు కళ్ళలో నీళ్ళు తిప్పుకోవాలి. నేను తిప్పుకునే సమయానికి ఫ్యూజు పోయింది. మార్చి మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అదే చోట పోయింది. నా నటన చూడలేకే పోయిందని వాడు అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

మూడోసారి నేనే కింద మెట్ల కిందున్న ఫ్యూజుల దగ్గరికి వెళ్ళి, సన్నటి ఫ్యూజు తీగ పక్కన పడేసి, ఒక పాత వైరులోంచి లాగిన లావు రాగి పోగులు రెండు మెలేసి బిగించాను. లైటు ఇక ఆరలేదు. సీను పూర్తయింది. తర్వాత వీడియో చూసుకుంటే, కళ్ళలో నీళ్ళు తిప్పుకుంటున్న స్నేహితుడు కనబడలేదు. బస్సు నంబరు చదవడానికి అవస్థ పడుతున్నవాడు కనబడ్డాడు.

ఆ రాగి పోగుల సంగతి నేను వాడికి చెప్పలేదు. దాచాలనేం కాదు, వాడు అడగలేదు. కొత్తది వేశానన్నాను, నమ్మాడు. నా మాటల్ని నమ్మే మనిషి ఈ నగరంలో వాడొక్కడే.

శనివారం మధ్యాహ్నం వాడి వంతు. వాడు ప్రతి వీడియోకీ ముహూర్తం షాటు చేస్తాడు. ఫోనుకి బొట్టు పెట్టి, దాని ముందు ఊదొత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని మొదలుపెడతాడు. లైటు వేశాడు. ముందొకసారి రికార్డు చెయ్యకుండా రిహార్సల్ చేద్దామన్నాడు. నేను వంటగట్టు పక్కన నిలబడి హీరో మాటలు చదివాను.

రిహార్సల్లో వాడు బాగా చేశాడు. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ నాకు ఒళ్ళు మంటే. సీను చివర్లో స్నేహితుడు, నువ్వెళ్ళు, ఇక్కడ నేనున్నా అనాలి. అందరూ గొంతు పెంచి అనే మాట అది, నేనూ అలాగే అరిచాను. వాడు మాత్రం పక్కింటివాడికి గ్యాస్ బండ తెచ్చిపెడతా అన్నంత మామూలుగా అన్నాడు. నా తర్వాతి లైను నేను చదవడం మర్చిపోయాను. సిద్దిపేట పక్క పల్లె నుంచి వచ్చి, నా సబ్బు అరగదీస్తున్న మనిషి, నా కళ్ళ ముందే, నా వంటగట్టుకి రెండడుగుల దూరంలో ఆ పాత్ర పట్టుకుపోతున్నాడు. పైగా ఆ పసుపు వెలుగు వాడి ముఖం మీద పడుతుంటే వాడు నిజంగా బాగున్నాడు. నిన్న అదే లైటు నా ముఖం మీద పడితే నేను జ్వరమొచ్చినవాడిలా ఉన్నాను. లైటుకి కూడా పక్షపాతమే అనిపించింది.

వాడు రికార్డు నొక్కబోతుంటే, "చాయ్ పెడతాను, అయ్యాక తాగుదాం" అన్నాను.

"పెట్టురా, సప్పుడు రాదు గదా" అన్నాడు.

గిన్నెలో నీళ్ళు పోసి ఇండక్షన్ స్టవ్ మీద పెట్టి, ఉన్నంతలో పెద్ద నంబరు నొక్కాను. రెండు వేల వాట్లు. నా లెక్క సులువైంది. లైటూ స్టవ్వూ కలిస్తే ఫ్యూజు పోతుంది. వాడి నటన సగంలో ఆగుతుంది. మళ్ళీ మొదలెడితే మళ్ళీ పోతుంది. నాకు రెండుసార్లు జరిగిందే వాడికీ జరగాలి, అది న్యాయం. రాగి పోగులు గుర్తులేక కాదు. ఇంత లోడుకి అవి మాత్రం ఆగుతాయా అనుకున్నాను.

ఆగాయి. లోడు ఎక్కువైనప్పుడు ముందుగా తాను తెగిపోవడం ఫ్యూజు ఉద్యోగం. నేను దానికి ఆ అవకాశం లేకుండా చేశాను. ఫ్యాను నీరసించింది, లైటు కొంచెం ఎర్రబడింది. వాడు ఆపలేదు, ఆ ఎరుపులో ఇంకా బాగున్నాడు. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తూనే ఉండి ఉంటుంది, ముహూర్తం ఊదొత్తి ధర్మమా అని ఇద్దరికీ మల్లెపూల వాసనే తెలిసింది. నేను పట్టుదలగా హీరో మాటలు చదువుతూ ఫ్యూజు కోసం ఎదురుచూస్తున్నాను. వాడు "నువ్వెళ్ళు" అన్నాడు. ఆ తర్వాత "ఇక్కడ నేనున్నా" అనలేదు. నా వెనక గోడకేసి చూస్తున్నాడు. చెక్క స్విచ్ బోర్డు సందుల్లోంచి నల్లటి పొగ వస్తోంది.

"మెయిన్ బంద్ చెయ్‌పో" అన్నాడు, అంతే మామూలుగా.

నేను మెట్లు ఎలా దిగానో నాకు తెలీదు. మెయిన్ దింపేసరికి ఆరు పోర్షన్లూ ఒక్కసారి చల్లారాయి. డాన్సర్ పాట ఆగిపోయింది. పైకొచ్చి చూస్తే ప్లగ్గు కరిగి బోర్డుకి అతుక్కుపోయింది, గోడ మీద జానెడు మేర మసి. వాడు నీళ్ళ బకెట్ అందుకుని కూడా, కరెంటు మీద నీళ్ళేమిటని కింద పెట్టేశాడట. నిలబడి ఊదొత్తి ఆర్పుతున్నాడు.

టైము నాలుగున్నర. కరెంటు లేదు, లైటు లేదు, వాడి ఫోనులో ఛార్జింగు అడుగున ఉంది. నేను అనుకున్నది నెరవేరింది, అనుకున్నదానికంటే ఎక్కువే. సంతోషం మాత్రం రాలేదు. అప్పుడు వాడు పైకి చూసి, మబ్బు లేదు, డాబా మీద ఎండ ఉంది అన్నాడు.

నీళ్ళ ట్యాంకు పక్కన, ఆంటీ వడియాలు ఆరబెట్టిన చీరని కొంచెం జరిపి, నిలబడ్డాడు. ఏటవాలు ఎండ ముఖం మీద పడింది. ఆ ఎండకి ప్లగ్గు లేదు, నేను పీకడానికి. హీరో మాటలు మొదటిసారి నేను సరిగ్గా చదివాను. పశ్చాత్తాపం అనుకునేరు. రెండో టేకుకి ఛార్జింగు లేదు, తప్పు చదివితే మొత్తం పోతుంది. పోతే నాకే మంచిదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. ఐదూ ముప్పావుకి వీడియో వెళ్ళింది.

ఆదివారం లైట్ మ్యాన్ అన్న వచ్చాడు. ముక్కు ఎగబీల్చి, ముందా ఊదొత్తుల డబ్బా బయట పెట్టమన్నాడు. "మా పనికి ముక్కే మొదటి టెస్టరు తమ్ముడూ" అన్నాడు. మెట్ల కింద ఫ్యూజు లాగి చూశాడు. తర్వాత ఆ రాగి పోగుల్ని ఆంటీకి చూపించాడు. ఇది పోకపోవడం వల్ల గోడలో వైరు పోయింది, ఇంకాసేపు ఉంటే ఇల్లు పోయేదని చెప్పాడు.

ఆంటీ మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. "గీ తీగ ఎవడు పెట్టిండు? నిజం చెప్పుర్రి. పెట్టినోడు ఇయ్యాలే ఖాళీ చేస్తడు."

నేను నోరు తెరిచాను. ఏం చెప్పడానికి తెరిచానో తెలిసేలోపే వాడన్నాడు: "నేనే ఆంటీ. నా లైటు కోసం పెట్టిన. గిట్లయితదని తెల్వలే."

వాడి మీద ఆంటీకి ప్రేమ. వాళ్ళ అత్తగారి ఊరు వాడి ఊరికి దగ్గరట. అరగంట తిట్టింది, ఖాళీ చెయ్యమనలేదు, బేబీ లైటు మాత్రం ఇంట్లో ఉండొద్దంది. తిట్లు తింటున్నంతసేపూ వాడు తల వంచుకుని ఎంత చక్కగా ఉన్నాడంటే, నేను చేసిన తప్పు కూడా నాకంటే వాడికే నప్పింది. దానికీ కుళ్ళుకున్నాను.

పైకొచ్చాక, ఆ పోగులు పెట్టింది నేనన్నాను.

"తెల్సు. శుక్రవారం సంది ఫ్యూజు పోలే గద" అన్నాడు, అంతటితో ఆపేశాడు. స్టవ్ కావాలనే వేసిన సంగతి వాడికి తెలీదని నేను ధైర్యంగా ఉన్నాను.

పది రోజుల్లో మా పోర్షన్‌కి విడిగా కొత్త రాగి వైరు, గీత దాటితే టక్కున పడిపోయే స్విచ్చు వచ్చాయి. కాస్టింగ్ ఆఫీసు నుంచి ఫోనూ వచ్చింది. వేషం వేసి చూసే లుక్ టెస్టుకి ఫిల్మ్‌నగర్ రమ్మన్నారు, వాణ్ణి. ఎండలో తీసిన వీడియో సహజంగా ఉందన్నారట. నా వీడియో అందిందని నాకూ మెసేజ్ వచ్చింది. అందడం గొప్పే.

ఆ రోజు వాడు నా చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు. అడిగే వేసుకున్నాడు, నేనే ఇచ్చాను, ఇస్తున్నప్పుడు అది వాడికి కొంచెం బిగుతవ్వాలని కోరుకున్నాను. అవ్వలేదు. చెప్పులు తొడుక్కుంటూ గుమ్మం దగ్గర ఆగి, తల తిప్పకుండా, గ్యాస్ బండ తెచ్చిపెడతా అన్నంత మామూలుగా అన్నాడు:

"వచ్చేటప్పుడు నేనే చాయ్‌పత్తి తెస్త. అయిపోయి శాన దినాలాయె. మొన్న శనివారం గుడ నువ్వు ఉత్త నీళ్లే పెట్టినవ్."

ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను లోపలికెళ్ళి టీ పొడి డబ్బా మూత తీశాను, ఖాళీ. నిజమే, ఆ శనివారానికే ఇంట్లో టీ పొడి అయిపోయి మూడు రోజులు. కుళ్ళుకున్నవాడు డబ్బా మూత తీసి చూసుకోడు. నేను స్టవ్ వేసింది చాయ్ కోసం కాదని మా రూమ్మేట్‌కి మొదటి క్షణం నుంచీ తెలుసు. పొగ వస్తున్నప్పుడు తెలుసు, డాబా మీద నాతో హీరో మాటలు చదివించుకున్నప్పుడు తెలుసు, ఆంటీ ముందు తల వంచుకున్నప్పుడూ తెలుసు. పది రోజులు దాచి, సరిగ్గా తలుపు దగ్గర, ఒక్క మాట ఎక్కువ లేకుండా వదిలాడు.

ఈ ఇంట్లో జోకులు వేసేవాణ్ణి నేను. అలాంటి టైమింగు నాకు మూడేళ్ళలో ఒక్కసారీ కుదరలేదు.