బాపు స్కాన్ వెళ్లిన దారి

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే నేను నవ్వి లేచిపోయేవాణ్ణి. కంప్యూటర్లు బాగుచేయడమే నా బతుకుదెరువు. ఏది ఆగినా వెతికితే కారణం దొరుకుతుందనుకునేవాణ్ణి.

బోధన్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌కు పనిచేస్తాను. అక్కడి స్కాన్‌లు చూసే డాక్టర్ హైదరాబాద్‌లో ఉంటారు. భద్రత కోసం ఆయన కంప్యూటర్ ఒకే ఒక్క నెట్ అడ్రస్ నుంచి వచ్చినవే లోపలికి రానిస్తుంది. మా నెట్ అడ్రస్ మాటిమాటికీ మారుతుంది. అందుకని ముంబైలో, అడ్రస్ మారని సర్వర్ ఒకటి కిరాయికి తీసుకున్నాం. స్కాన్‌లన్నీ దాని గుండానే వెళ్లాలి. ఇంకో దారి లేకుండా చేసింది నేనే.

సర్వర్ గడువు అయిపోతోందని, డబ్బు కట్టమని మెయిళ్లు వచ్చాయి. చూశాను. రేపు చూద్దాంలే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా మా బాపుకు, అంటే నాన్నకు, మూతి వంకరపోయింది. సెంటర్‌కు తీసుకెళ్లాం. టెక్నీషియన్ రమేశ్ తల స్కాన్ తీసి పంపాడు.

"పోయిందన్నా. సార్ చూసిండు, మెదడుల నెత్తురు గడ్డ కట్టిందట. అది కరిగే సూది రాసిండు. పరేషాన్ గాకు."

పక్క ఆసుపత్రిలో వేళ దాటకముందే సూది వేశారు.

బాపు వెనకాలే చెరకు కొట్టే కూలీ ఒకామెను తెచ్చారు. అదే జబ్బు. ఆమె స్కాన్ వెళ్లలేదు.

"అన్నా, గిది పోతలేదు. మీ బాపుది గిప్పుడే పాయె గద! జర జూడు."

లాప్‌టాప్ తెరిచాను. సర్వర్ లేదు. ముందురోజే తుడిచేశామని సర్వర్ కంపెనీ మెయిల్ ఉంది.

ఫోన్‌లో ఫోటో తీసి పంపితే, దాన్ని చూసి సూది రాయలేనన్నారు డాక్టర్. ఆమె భర్త సగం మరాఠీలో ఏమైందని అడిగాడు.

"నెట్ లేదు భయ్యా," అన్నాను.

ఆమెను నిజామాబాద్ తీసుకెళ్లేసరికి సూది వేసే వేళ దాటిపోయింది. ప్రాణం దక్కింది. మాట పోయిందని తర్వాత తెలిసింది.

బాపు స్కాన్ ఆ పాత అడ్రస్ నుంచే వచ్చినట్టు డాక్టర్ కంప్యూటర్‌లో ఉంది. అప్పటికి ఆ అడ్రస్‌లో ఏమీ లేదని, దాన్ని ఎవరికీ ఇవ్వలేదని కంపెనీవాళ్లు చెప్పారు.

"మీ బాపు కోసం చోర్ దర్వాజా ఏమన్న పెట్టినవా అన్నా?" అన్నాడు రమేశ్ ఒకరోజు. నవ్వుతూనే అన్నాడు. పెట్టలేదు. పెట్టి ఉంటే నా తప్పేమిటో నాకు పూర్తిగా తెలిసేది.

బాపు ఇప్పుడు బాగానే మాట్లాడుతున్నాడు. "తిన్నవా బిడ్డా?" అని రోజూ అడుగుతాడు. తిన్నానంటాను. సంతోషం రాదు, ఏడుపూ రాదు.

లేని సర్వర్ గుండా ఆ ఒక్క స్కాన్ ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండోది ఎందుకు ఆగిందో మాత్రం తెలుసు.