అమ్మ బొమ్మ వైపు చూస్తుంది

ఆ వారం నా డైరీలో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ ఉంది. "ఆళ్లగడ్డ నుంచి జవాబు లేదు." సోమవారం ఒకసారి, మంగళవారం ఒకసారి, బుధవారం రెండుసార్లు. పొద్దున ఆరింటికి తప్ప డైరీ ముట్టని మనిషిని, బుధవారం మధ్యాహ్నం అన్నం కలుపుకునే ముందు కూడా తెరిచాను.

జవాబు రావలసింది ఒక శిల్పి దగ్గర నుంచి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు, నలభై దాటినవాడు. అతను ఈ మధ్యే చేరాడు, ముఖాలు చూసుకోలేదు గానీ ఇద్దరం ఒక ఫోన్ గ్రూపులో ఉన్నాం. టీవీలో వారం వారం వచ్చే ఒక హాస్య కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి వదలకుండా చూసిన వాళ్ల గ్రూపు అది. మొదట్లో నచ్చిన స్కిట్ల గురించి ముచ్చట్లు చెప్పుకునేవాళ్లం. తర్వాత ఎవరో సొంతంగా ఒకటి రాసి పెట్టారు. అది చూసి ఇంకొకరు. ఇప్పుడు వారానికి నాలుగైదు వస్తాయి. ఏడాదికొకసారి నంద్యాలలో చిన్న హాలు తీసుకుని, బాగున్న మూడింటిని మేమే ఆడతాం.

వాటిలో తప్పొప్పులు చెప్పే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. ఉద్యోగమంతా వరి మళ్లలో పిలకలు లెక్కపెట్టి, వెన్ను పొడవు కొలిచి, పుస్తకంలో ఎక్కించినవాణ్ని. ఆ చెయ్యి ఊరుకోదు. వచ్చిన ప్రతి స్కిట్టును కాగితం మీద అచ్చు తీయించి, గడియారం ముందు పెట్టుకుని గట్టిగా చదువుతాను. నవ్వు వచ్చిన చోట పెన్సిలుతో టిక్కు పెడతాను. మొదటి టిక్కు ఎన్నో లైనులో పడిందో రాస్తాను. "రెండో పాత్ర అనవసరం. మూడో పేజీ మొత్తం ఎండిపోయింది" అని గ్రూపులో పెడతాను. చాలామంది "సరే సార్" అంటారు. ఒక బ్యాంకు ఉద్యోగి మాత్రం, "నవ్వొచ్చిందా లేదా, అది చెప్పండి చాలు సార్" అని రాశాడు. ఆ మాటకు కూడా నేను మూడు అంశాలుగా జవాబిచ్చాను.

శిల్పి రాసింది పేజీన్నర. చనిపోయిన తండ్రికి విగ్రహం చేయించాలని నలుగురు అన్నదమ్ములు రాతిపని చేసే చోటికి వస్తారు. నాయనకు మీసం ఉండేదంటాడు పెద్దవాడు. ఉండేది కాదంటాడు రెండోవాడు. మూడోవాడికి నాయన కోపంగానే గుర్తు. చివరివాడు నవ్వు ముఖం పెట్టమంటాడు. ఒకరి మాట విని చెక్కడం, ఇంకొకరి మాట విని చెరపడం. రాతికి మీసం తీయొచ్చు గానీ తీసింది మళ్లీ ఎట్లా అతికించేదని శిల్పి తల పట్టుకునే చోట నేను పెన్సిల్ కింద పెట్టేసి నవ్వాను. మొత్తం పదకొండు టిక్కులు. అంతకుముందు ఎవరికీ ఏడు దాటలేదు. ఆఖరికి కొడుకులు తల్లిని పిలుచుకొస్తారు. "అమ్మ బొమ్మ వైపు చూస్తుంది" అని ఉంది. దాని కింద ఏమీ లేదు.

ముగింపు లేదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను నాలుగు లైన్లు రాసి గ్రూపులో పెట్టాను. తల్లి బొమ్మ చుట్టూ తిరిగి, కళ్లద్దాలు సవరించుకుని, "ఎవరప్పా ఈయన?" అంటుంది. తెర పడుతుంది.

గ్రూపంతా నవ్వు బొమ్మలతో నిండిపోయింది. "ఉలి ఒకరిది, దెబ్బ సారుది" అని ఎవరో రాశారు. ఆ మాటను డైరీలో ఎక్కించుకున్నాను కూడా. శిల్పి ఒక నమస్కారం గుర్తు పెట్టాడు. తర్వాత మాట లేదు.

మంగళవారం గ్రూపు నడిపే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయనకు నంద్యాలలో మిక్సీలు బాగుచేసే దుకాణం ఉంది. శిల్పి తన స్కిట్టును జాబితాలోంచి తీసేయమని ఫోన్ చేశాడని ఆయన చెప్పాడు. కారణం అడిగితే పని ఎక్కువగా ఉందన్నాడట. శుక్రవారం సాయంత్రానికి జాబితా ఖాయం కావాలి. నేను నా ముగింపును వెనకేసుకొచ్చాను. నవ్వు ఎక్కడ పడాలో అక్కడే పడింది కదా అన్నాను. ఆయన మిక్సీ మూత బిగిస్తూ, "దిద్దితే సరే సార్. మీరే రాసిస్తే ఇంక ఆయప్పకు పనేముండాది?" అన్నాడు.

ఇంటికి వచ్చాక కూడా కుదురు లేదు. కూచుంటే ఫోను, లేస్తే ఫోను. బుధవారం రాత్రి నా భార్య విసుక్కుంది. "దాన్ని ఎన్నితూర్లు తిప్పుతావు? పొయ్యి అడుగు. ఆళ్లగడ్డేమన్నా సముద్రం అవతల ఉండాదా?"

గురువారం పొద్దున బస్సెక్కాను. ఒడిలో ఆ పేజీన్నర, దాని మీద నా పెన్సిల్ గీతలు. దారి పొడుగునా అతనితో ఏమనాలో మూడు రకాలుగా అనుకున్నాను. ఏదీ నిలవలేదు.

రోడ్డు పక్క రేకుల షెడ్డు. లోపలా బయటా రాతి దుమ్ము. నేనెవరో చెప్పగానే అతను మిషను ఆపి, మొహం తుడుచుకుని, గోనెపట్ట పరిచాడు. ఎదురుగా నిలువెత్తు అమ్మవారు. నగలు, చీర కుచ్చెళ్లు, వేళ్ల గోళ్లు అన్నీ అయిపోయాయి. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, పనంతా బాగుంది గానీ కళ్లు మిగిలిపోయాయే అన్నాను.

"మిగల్లేదు సార్. ఇడిచిపెట్టినా. కండ్లు ఈడ తెరవం. గుడిలో నిలబెట్టినాక, ఆ పొద్దు, ఆడ తెరిచేది."

మామూలుగానే చెప్పాడు, ఎత్తిపొడుపు లేదు. నా చేతిలోని కాగితాన్ని నేను మడిచాను, మళ్లీ విప్పాను. స్కిట్టు కూడా అట్లాగే విడిచిపెట్టావా అని అడిగాను. అతను ఉలి మొన తుడిచి పక్కన పెట్టాడు.

"తల్లి యేషం మా అమ్మ కట్టాల సార్. మా నాయన పోయి మూడేండ్లు. అప్పుట్నుంచీ పెండ్లి లేదు, పేరంటం లేదు, గడప దాటల్యా. ఇది సదివి ఇనిపిస్తే నవ్వి, నేనొస్తా అనింది. ఏమనాల్నో ఆడ చూసి చెప్తా, నువ్వు రాయొద్దు అనింది. మీరు రాసింది గూడా సదివి ఇనిపించినా. అంతే, రానంటాండాది."

తప్పు ఎక్కడ పడిందో అప్పుడు తెలిసింది. షెడ్డు వెనకే ఇల్లు. వాళ్లమ్మ చింతపండు గింజలు తీస్తోంది. నేను కూచునేలోపే తనే మొదలుపెట్టింది.

"నువ్వేనా రాసింది? బాగుండాది. అంతా నువ్వే చెప్పినాక నేనెందుకప్పా ఆడికి?"

నా మాట అనొద్దమ్మా, మీకు తోచిందే అనండి అన్నాను.

"అందురికీ తెల్సిపాయ గదా. నేనేమన్నా నీదే ఇంటారు." ఒక గింజ తీసి పక్కన పడేసి అడిగింది. "రాసేటప్పుడు నీకు నవ్వొచ్చిందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. రాలేదమ్మా, అక్కడ నవ్వు పడాలని లెక్క వేసి రాశాను అన్నాను.

"నవ్వు రాంది రాసినావా?" అని ఆమె గింజలు పక్కన పెట్టి నవ్వింది. వస్తానని మాత్రం అనలేదు.

బస్టాండులో నిలబడే గ్రూపులో రాశాను. "చివరి నాలుగు లైన్లు నావి. స్కిట్టుకు సంబంధం లేనివి. రాసిన మనిషిని అడగకుండా పెట్టాను, తప్పు నాది." శుక్రవారం శిల్పిని అడిగి, అతను సరేనన్నాక, ఆ స్కిట్టు జాబితాలోనే ఉంచమని మిక్సీల ఆయనకు చెప్పాను. ఆమె రాకపోతే ఏం చేస్తామని అడిగాడు. తర్వాతి వారం రోజులూ డైరీలో "తెలియదు" అని ఉంది.

ఆ పై ఆదివారం హాలు నిండింది. మొదటి రెండు స్కిట్లకు నా టిక్కులు ఎక్కడ పడ్డాయో చూస్తే ఇప్పుడు నాకే అర్థం కావు. కళ్లు గుమ్మం మీదే. మూడోదానికి పిలుపు వచ్చేసరికి శిల్పి తల్లి వెనక వరసలో కూచుని ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

బొమ్మగా బల్ల మీద నిలబడింది మిక్సీల ఆయనే. ఒళ్లంతా బూడిద రంగు. పొట్ట బిగబట్టలేక అవస్థ పడుతున్నాడు. నలుగురు కొడుకులూ మీసం గురించి కొట్లాడుకున్నారు, హాలు నవ్వింది. ఆమె వచ్చి బొమ్మ ముందు నిలబడింది. అందరూ నా లైను కోసం ఎదురుచూస్తున్నారు. వెనక నుంచి ఎవరో "ఎవరప్పా" అని సగం అనేశారు కూడా.

ఆమె చుట్టూ తిరగలేదు. బొమ్మ ముఖం చూసింది, కాళ్లు చూసింది. ఆ కాళ్ల దగ్గరే కాసేపు ఆగింది.

"పొద్దన్నుంచీ నిలబెట్టినారా నిన్ను? కూచో కొంచేపు."

ఏం చేయాలో తెలియక మిక్సీల ఆయన కొడుకుల వైపు చూసి, మెల్లగా బల్ల మీద కూచున్నాడు. ఆమె ఆ బల్ల చివర కూచుంది. తర్వాత వచ్చిన నవ్వు ఎంతసేపు ఉందో నేను గడియారం చూడలేదు. తెర పక్కన శిల్పి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో లేదో నాకు కనపడలేదు.

టీ తాగేటప్పుడు ఆమెను అడిగాను, మళ్లీ ఆడితే అదే మాట అంటారా అని.

"ఆ పొద్దుకు ఏమొస్తే అది. ఇప్పుడే అడుగుతే ఎట్లప్పా?"

ఆ పేజీన్నర ఇంకా నా బల్ల మీదే ఉంది. చివరి లైను పక్కన పెన్సిల్ పెడతాను, తీస్తాను. వచ్చే నెల ఆళ్లగడ్డలో మళ్లీ ఆడతారట, ఆమే అడిగిందట. పొద్దున బస్సు ఎన్నింటికని ఇప్పటికే రెండుసార్లు కనుక్కుని వచ్చాను.