గట్టు చివర రన్‌వే

మా అమ్మాయి తలుపు మూసుకుని ఫోన్లో మాట్లాడుతుంటే నాకు అన్నం సయించదు. పైలట్ చదువుకని పక్క రాష్ట్రానికి పంపిన పిల్ల, సెలవులంటూ ఉన్నట్టుండి మైపాడు పక్కనున్న మా ఊరికి వచ్చేసింది. ఏం సెలవులే అంటే సరిగ్గా చెప్పదు. వచ్చిన మర్నాటి నుంచీ సాయంత్రమైతే చాలు తలుపు మూయడం, లోపల ఒక మగగొంతు, దానికి బదులుగా దీని గొంతు. ఏళ్ల తరబడి బడిలో పిల్లల్ని కనిపెట్టి చూసిన టీచరమ్మని, నాకు అనుమానం ఊరికే పోదు.

ఒకరోజు తలుపుకి చెవి ఆనించాను. కన్నతల్లిని, నాకేం సిగ్గు? అతను ఇంగ్లీషులో ఏదో అంటున్నాడు, ఇది అదే మాట పొల్లుపోకుండా తిరిగి అంటోంది. ఒళ్లు మండిపోయింది. ఇంట్లో నేనేం చెప్పినా తలెత్తకుండా "అట్నేలేమ్మా" అనే పిల్ల, ఎవడో చెప్పిన ప్రతి ముక్కా వల్లె వేస్తోందే! రొయ్యల గుంటల దగ్గర్నుంచి వచ్చిన మా ఆయనతో అప్పుడే తేల్చి చెప్పాను, ఇది ప్రేమ వ్యవహారమైతే చదువు మాన్పించేస్తానని.

"ముందు దాన్ని అడుగు. ఆమీట మాన్పిద్దువు," అన్నాడాయన కాళ్లు కడుక్కుంటూ.

అడిగాను.

"మా క్లాసు పిల్లోడమ్మా. ప్రాక్టీసు చేస్తా ఉండాం," అంది. విమానం గాల్లోకి లేవకముందు, నేలమీద కదిలేటప్పుడు కూడా టవర్‌లో కూర్చున్నవాళ్లు రేడియోలో దారి చెబుతారట. ఎటు రావాలి, ఎక్కడ ఆగాలి అని. పైలట్ ఊరికే సరే అంటే కుదరదు, చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పాలి. అప్పజెబితే విన్నట్టు లెక్క. అతను టవర్, తను పైలట్.

నేను నమ్మలేదు. అప్పజెబితే విన్నట్టని ఎవరన్నారు? ఎక్కాలు గడగడా అప్పజెబుతూ కిటికీలోంచి ఐసు బండిని చూసే పిల్లలు నా క్లాసులో ఏటా ఉంటారు. చర్చిలో కంఠత వాక్యం చెప్పే పిల్లలూ అంతే, నోరొక చోట, మనసొక చోట. అయినా ప్రాక్టీసుకి తలుపెందుకు మూయడం?

"అయితే నేనే టవర్‌గా ఉంటా. నా ముందర చెయ్యి," అన్నాను.

దాని మొహం మాడిపోయింది. "నీకు తెలవదులేమ్మా," అని తప్పించుకోబోయింది. ఆ తప్పించుకోవడం చూశాక ఇక నేను వదల్లేదు.

మర్నాడు ఇద్దరం గుంటల దగ్గరికి పోయాం. గుంటల మధ్య గట్లు విమానం నడిచే దారులు. గట్టు చివర అడ్డంగా పోయే తారు రోడ్డు రన్‌వే. రోడ్డుకి ముందు, నీళ్లలో చల్లే సున్నంతో అదే ఒక గీత గీసింది, ఆగాల్సిన చోటని. తను చెవిలో ఫోన్ పెట్టుకుని స్కూటీ మీద అవతలి గట్టున, నేను రోడ్డు పక్కన మోటారు కొట్టం దగ్గర. అది రాసిచ్చిన కాగితం చూసి నేను ఫోన్లో చదివిందల్లా ముత్యాల్లా తిరిగి చెప్పింది. ఆ గొంతుకి మురిసిపోయాను. మురిసిపోతూనే దాని చేతులు చూస్తున్నాను. నోరు అప్పజెబుతుంటే చేతులు చూడటం నాకు బడిలో అబ్బిన అలవాటు.

"హోల్డ్ షార్ట్ ఆఫ్ రన్‌వే," అన్నాను. రోడ్డు వైపు వస్తున్న బండిని గీత ముందే ఆగమని.

"హోల్డ్ షార్ట్ ఆఫ్ రన్‌వే," అంది స్పష్టంగా.

బ్రేకు మీదికి చెయ్యి పోలేదు. బండి గీత దాటి తారు మీదికి ఎక్కింది. కాగితం పారేసి కేక పెట్టాను. రోడ్డు మధ్యలో ఆగింది. దేవుడి దయ, అటూ ఇటూ ఒక్క బండీ లేదు.

దాని దగ్గరికి పరిగెత్తాను. "ఆగుతానంటివే! నోటితో అంటివి గదే!"

అది దిగలేదు. హ్యాండిల్ పట్టుకునే తల దించుకుంది. "అక్కడా ఇట్నే చేసినానమ్మా."

అక్కడంటే నిజం రన్‌వే మీద. ఆగుతానని టవర్‌కి అప్పజెప్పి ఆగకుండా పోయిందట. పక్కన కూర్చుని నేర్పే సారు బ్రేకు తొక్కాడట. అదే రన్‌వే మీద దిగబోతున్న ఇంకో విమానం మళ్లీ పైకి లేచిపోయిందట. ఇవి సెలవులు కావు, ఇంటికి పంపారు. ఇంకో అవకాశం ఇస్తారు, అప్పుడూ ఇట్లాగే అయితే ఇక రావద్దంటారు.

"నోరు చెప్తాదమ్మా, నాకే వినపడదు. నీకు చెప్తే చదువు మాన్పిస్తావని..."

బండి పక్కకి లాగాను. ప్రేమే అయ్యుంటే ఎంత బాగుండేది అనిపించింది. తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆఖరికి ఎట్లాగో ఒప్పుకునేదాన్ని. దీనికి ఎవర్ని తిట్టాలి? మాన్పించేయ్ అని మనసు చెబుతూనే ఉంది. దాని మొహం చూస్తే ఆ మాట నోట్లోంచి రాలేదు.

"గట్టు చివరికి పో. మొదట్నుంచి చేద్దాం," అన్నాను.

అది కళ్లు తుడుచుకుని బండి తిప్పింది. నాకు మాత్రం దానిమీద నమ్మకం కుదరలేదు. కాగితం ఏరుకుని, ఈసారి కొట్టం దగ్గరికి పోకుండా, ఆ సున్నపు గీత మీదే దానికి ఎదురుగా నిలబడ్డాను.