ఉప్పునేల మీద ఓపల్ ట్రెయిలర్

ఓపల్ టిడ్‌వెల్ బార్‌లో అనే మా ఊళ్ళో బడి బస్సు నడిపేది. పడమటి టెక్సస్ మైదానంలో పత్తిచేల మధ్య విసిరేసినట్టుండే ఇళ్ళ ముందు బస్సు ఆపి, పేరు పెట్టి పిలిచి మరీ పిల్లల్ని ఎక్కించుకునేది. నేనూ ఆ బస్సులోనే బడికి వెళ్ళాను. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "రోజూ బస్సెడు పిల్లల్ని మోస్తున్నా, మళ్ళీ మొగుణ్ణి కూడా మొయ్యమంటావా?" అనేది.

ఏటా చలికాలం మొదట్లో ఉత్తరం నుంచి బూడిదరంగు సారసపక్షులు బారులు తీరి, గరగరమని అరుచుకుంటూ మా చేల మీదుగా దక్షిణానికి పోయేవి. ఓపల్ స్టీరింగ్ మీదికి వంగి, కనుమరుగయ్యేదాకా వాటినే చూసేది. అవి ఎక్కడ దిగుతాయో చూడాలని ఆమెకు కోరిక. పిల్లలతో నిండిన బస్సును పక్షుల వెనకాల తిప్పలేదు కదా. ఉద్యోగం అయిపోయిన ఏడాది ఒక రైతు పెరట్లో పడి ఉన్న చిన్న ట్రెయిలర్, బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, కొనుక్కుంది. ఒక మంచం, ఒక పొయ్యి, మడత బల్ల. అంతే. దాన్ని తన పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని నా దుకాణం ముందు ఆపింది. నేను ట్రెయిలర్ సామాన్లు అమ్ముతాను.

"ఒరే లైల్, దీనికేమేం కావాలో చెప్పు. అమ్ముకోడానికి చెప్పకు. నిజంగా కావలసినవి చెప్పు," అంది.

ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. ఆపిన చోట దొర్లిపోకుండా చక్రాల కింద పెట్టే అడ్డుదిమ్మలు. పల్లంగా ఉన్న వైపు చక్రం కింద పేర్చే పచ్చరంగు పలకలు. తాగేనీళ్ళకు తెల్లగొట్టం. కొత్తచోట్ల కొళాయి ఒత్తిడికి లోపలి పైపులు పగలకుండా ఇత్తడి రెగ్యులేటర్, దాని నెత్తిన ముల్లున్న చిన్న మీటరు. కరెంటు ఎగిరిపడితే ఆపే డబ్బా. ఎదురుగాలికి వెనక బండి ఊగిపోకుండా పట్టి ఉంచే ఇనుపకమ్మీ. మురుగుగొట్టం, దానితోపాటు రబ్బరు గ్లౌజులు.

"ఈ తొడుగులెందుకురా?"

"మురుగుగొట్టం విప్పేటప్పుడు, మిస్ ఓపల్."

"నువ్వు బస్సులో కక్కుకుంటే ఉత్త చేతుల్తోనే ఎత్తాను కదరా. అప్పుడెవడిచ్చాడు తొడుగులు?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను తలొంచుకుని రసమట్టం తీశాను. గాజుగొట్టంలో పచ్చటి నీళ్ళు, నీళ్ళలో ఒక బుడగ. బండి సమంగా నిలబడితే బుడగ రెండు గీతల మధ్య ఉంటుంది.

"ఇదొద్దు. వంపుంటే నా నడుముకి తెలీదా?"

"మీ నడుం నిద్రపోతుంది, ఇది నిద్రపోదు," అన్నాను. ఆమె వద్దంటూనే ఉంది, నేను ముందు గోడకొకటి, తలుపు పక్కనొకటి అంటించేశాను.

అలా బయలుదేరి ఆమె విట్లో అనే ఉప్పుచెరువుకు వెళ్ళింది. సారసాలు దిగేది అక్కడేనని ఎవరో చెప్పారట. చెరువు ఇవతలి గట్టున పాత ట్రెయిలర్ల మకాం ఒకటుంది. చలికాలం కావడంతో బళ్ళేవీ లేవు. దాన్ని చూసుకునే డెల్బర్ట్ సైక్స్ ఒక్కడే ఉన్నాడు. ఎముకల గూడులాంటి మనిషి. అతని ట్రెయిలర్‌కు చక్రాలు ఎప్పుడో తీసేసి సిమెంటు దిమ్మల మీద కూర్చోబెట్టారు. భార్య లియోటా అందులోనే పోయింది.

డెల్బర్ట్ దగ్గరుండి ఓపల్ బండిని వెనక్కి పెట్టించాడు. ఆమె దిమ్మలు పెట్టి, పలకలు పేర్చి, బుడగ గీతల మధ్యకు వచ్చేదాకా సరిచేసింది. సంధ్యవేళ సారసాలు వచ్చాయి. ఆకాశం నిండిపోయింది. అన్నీ చెరువు అవతలి గట్టునే దిగాయి. ఇవతల ఒక్కటీ దిగలేదు.

"ఇటు రావా ఇవి?" అని అడిగింది.

"వచ్చేవి మేడమ్. మా గుమ్మంలోకి కూడా వచ్చేవి. ఈమధ్యే మానేశాయి," అన్నాడు డెల్బర్ట్.

మర్నాడు పొద్దున చూస్తే బుడగ గీత దాటి పక్కకు జరిగింది. తనే సరిగ్గా చూసుకోలేదనుకుని ఇంకో పలక ఎక్కించింది. ఆ మర్నాడు మళ్ళీ జరిగింది. ఈసారి వంటసామాన్ల అర తలుపు దానంతటదే తెరుచుకుంది. బల్ల మీద పెట్టిన గుడ్డు నిదానంగా, ఎవరో వేలితో తోస్తున్నట్టు, అంచుదాకా దొర్లి కిందపడింది.

నాకు ఫోన్ చేసింది. "ఒరే, నీ రసమట్టం చెడిపోయిందిరా."

"అందులో చెడడానికేముంది? నీళ్ళు, గాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి చూడండి."

పళ్ళెంలో పోసింది. నీళ్ళు ఒక అంచున నిండుగా, ఒక అంచున వెలితిగా నిలబడ్డాయి. "గుడ్డు ఎటు దొర్లిందో నీళ్ళూ అటేరా," అంది. "ఆ ముసలాయన ఇంటి వైపు."

డెల్బర్ట్‌ను అడిగితే నవ్వాడు. "కొత్త బరువు కదా, మట్టి సర్దుకుంటుంది. మా ఇంట్లో గోళీ వదిలితే ఎప్పుడూ పడగ్గదిలోకే పోతుంది. అలవాటైపోయింది." మధ్యాహ్నం బీన్స్ ఉడికించి, మొక్కజొన్న రొట్టెతో ఆమెకు పెట్టాడు. తింటూ, తాను వయసులో ఉండగా ఇదే నేల కింద పని చేశానని చెప్పాడు. చమురు తవ్వేవాళ్ళకు ఉప్పునీళ్ళు కావాలి. బావిలోకి మంచినీళ్ళు దింపేవాళ్ళు, కింది ఉప్పుబండ కరిగేది, ఆ నీళ్ళు పైకి తోడేవాళ్ళు. తర్వాత బావి మూసేసి వెళ్ళిపోయారు.

"మరి కరిగినచోట ఏముంది?" అంది ఓపల్.

"ఏముంటుంది? ఖాళీ," అన్నాడు రొట్టె విరుచుకుంటూ. "కానీ పైకప్పు గట్టిది మేడమ్. నేనే చూశాగా."

ఆ సాయంత్రం ఆమె కొళాయి కట్టేసి గొట్టం విప్పబోయింది. రెగ్యులేటర్ మీద మీటరు ముల్లు కదులుతోంది. మెల్లగా పైకి లేచింది, మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ లేచింది. కొళాయి బిగించే ఉంది, లోపల ఎవరూ నీళ్ళు వాడటం లేదు. నిద్రపోయే మనిషి రొమ్ములా లేస్తూ పడుతూ ఉన్న ఆ ముల్లు వైపు చూస్తూ ఆమె చలిలో చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత గొట్టం విప్పి, ఏమనుకుందో ఏమో, దాని కొసను చెవి దగ్గర పెట్టుకుంది.

లోపల ఎవరో కూనిరాగం తీస్తున్నారు.

గొట్టం చేతిలోంచి జారిపోయింది. తలెత్తి చూస్తే డెల్బర్ట్ తన గడప మీద నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"నీకూ వినపడిందా?" అన్నాడు. ఆ క్షణంలో మేడమ్ పోయి నువ్వు వచ్చేసింది. "మా లియోటా. రొట్టె పిండి కలిపేటప్పుడు అలాగే పాడుకునేది. నేను చెప్తే మా మేనకోడలు నన్ను డాక్టరుకి చూపిస్తానంది. నీకు వినపడింది కదూ?"

ఓపల్‌కు వినపడింది పిండి కలిపే ఆడమనిషి రాగం కాదు. ఇంటికి పోయే దారిలో బస్సు వెనక సీట్లలో పిల్లలు సన్నగా పాడుకుంటారే, అది. ఆ మాట అతనికి చెప్పలేదు. ఆ రాత్రి ఫోన్లో నాకు చెప్పింది. చెప్పి, "నన్నే పేరు పెట్టి పిలుస్తున్నట్టుందిరా," అంది.

"మిస్ ఓపల్, వెంటనే బండి కట్టుకుని వచ్చేయండి. నేల కింది ఖాళీలోంచి గాలి గొట్టంలోకి తోసుకొస్తోంది. అదే ఆ శబ్దం."

"గాలేనంటావా?"

"గాలే."

"సరే, గాలే అనుకుందాం. కానీ ఈయన్ని వదిలి రాలేను."

కౌంటీ ఆఫీసుకు నేనే ఫోన్ చేశాను. మనిషిని పంపిస్తామన్నారు. ఆ మనిషి వచ్చేలోపే తెల్లారింది.

పొద్దున ఓపల్ తలుపు తోస్తే రాలేదు. చట్రం ఒరిగి బిగుసుకుపోయింది. భుజంతో గుద్ది బయటపడింది. గాలి లేదు. చెరువు అవతల సారసాలన్నీ నిలబడి ఉన్నాయి, ఒక్కటీ అరవడం లేదు. నేల మీద గీత కనపడింది. చాకుతో కోసినట్టు, వేలు దూరేంత వెడల్పున, వంకర తిరుగుతూ పోయింది. ఆమె దాని వెంట నడిచింది. గీత ఆమె బండి చక్రాల మధ్యగా వచ్చి, కంచె దాటి, డెల్బర్ట్ ఇంటి వెనకగా తిరిగి, మళ్ళీ ఆమె బండి దగ్గరకే చేరింది. పెద్ద గుండ్రం. నడుమ ఆ ముసలాయన ఇల్లు.

ఆమె అతని తలుపు తట్టింది. "డెల్బర్ట్, బయటికి రా. నేల కుంగుతోంది."

"తెలుసు."

"తెలిసే కూర్చున్నావా?"

"నేను పోతే అది ఎవరితో మాట్లాడుతుంది?" అన్నాడు లోపల్నుంచి.

ఓపల్ జీవితమంతా మొండిపిల్లల్ని బస్సెక్కించిన మనిషి. బతిమాలడం మానేసింది. "సరే, నీ ఇష్టం. నాకు మాత్రం సాయం పట్టు. దిమ్మలు రావట్లేదు, ఒక్కదాన్నే లాగలేను. ఆడమనిషిని ఇలా వదిలేస్తావా?"

ఆ మాటకు అతను వచ్చాడు. బండి బరువంతా ఒకపక్కకు ఒరగడంతో అడ్డుదిమ్మలు చక్రాల కింద ఇరుక్కుపోయాయి. సుత్తితో కొట్టి, కాళ్ళతో తన్ని, ఇద్దరూ కలిసి లాగారు. పలకలు రాలేదు, వదిలేశారు. తెల్లగొట్టం నేల మీద పడి కొద్దికొద్దిగా కదులుతోంది. డెల్బర్ట్ దాని వైపు వంగబోతే ఆమె గట్టిగా, "జాకీ తిప్పు!" అని అరిచింది. అతను తిప్పాడు. ట్రెయిలర్ కొక్కెం పికప్ వెనకున్న ఇనుపగుండు మీదికి దిగి కరుచుకుంది. గొలుసులు తగిలించింది. ఊగకుండా ఆపే కమ్మీ బిగించే తీరిక లేక దాన్ని పికప్‌లో పడేసింది.

"గేటు తీసి పెట్టాలి. ఎక్కు, గేటుదాకా," అంది.

గేటు బార్లా తీసే ఉంది. ఆమె ఆపలేదు. అతను తలుపు పిడి పట్టుకున్నాడు. ఆమె బటన్ నొక్కి తలుపులు బిగించింది.

"ఆపు ఓపల్. అది పిలుస్తోంది."

"కూర్చో."

"ఆపవే! నా ఇల్లు, నా పెళ్ళాం!"

"కూర్చో అన్నానా!" అంది. ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతు విన్నాక కూర్చోని వాళ్ళను నేను చూడలేదు.

అప్పుడు వెనక అద్దంలో చూసిందట. ముందు చప్పుడే లేదు. డెల్బర్ట్ ఇల్లు, కిటికీకి వేసిన గళ్ళ తెరతో సహా, నిటారుగా, ఎవరో చేతుల్లోకి తీసుకుంటున్నట్టు కిందికి దిగింది. కంచె గుంజలు ఒకదాని వెనక ఒకటి వంగి, దాని వెంట వెళ్ళాయి. ఆ తర్వాత చప్పుడు వచ్చింది. నేల లోపల్నుంచి ఒక పెద్ద నిట్టూర్పు. ధూళి లేచింది. చెరువు మీద పక్షులన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి.

కబురు విని నేను వెళ్ళేసరికి ఆ గుంటలో ఉప్పునీళ్ళు ఊరుతున్నాయి. అడుగు కనపడటం లేదు. డెల్బర్ట్ పికప్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఓపల్ కాఫీ ఇస్తే తీసుకోలేదు.

అతన్ని మా ఊరికే తీసుకొచ్చింది. తన ఇంట్లో ముందుగది ఇచ్చింది. అతను తిన్నాడు, పడుకున్నాడు, పెరట్లో చెత్త ఏరాడు, కానీ ఆమెతో మాట్లాడటానికి వసంతం రావలసి వచ్చింది. ఒకరోజు పళ్ళేలు తుడుస్తూ, "అది పిలుస్తుంటే నువ్వు తలుపేశావు," అన్నాడు. "అవును, వేశాను," అంది ఆమె. అంతకు మించి ఇద్దరూ వాదించుకోలేదు. అతను ఏడుస్తూ మిగతా పళ్ళేలు తుడిచాడట.

ఆ వేసవిలో, తనను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళమని అడిగాడు. ఓపల్ పికప్‌లో తీసుకెళ్ళింది, నేనూ తోడు వెళ్ళాను. గుంట చుట్టూ ఇనుపకంచె వేశారు, హెచ్చరిక బోర్డులు పెట్టారు. మిట్టమధ్యాహ్నం. నీళ్ళు పచ్చగా, ఒక్క అల లేకుండా ఉన్నాయి. డెల్బర్ట్ కంచె మీద రెండు చేతులూ వేసి, తల పక్కకు వంచి, చాలాసేపు నిలబడ్డాడు.

"ఏమీ లేదు," అన్నాడు చివరికి. "నీకేమన్నా వినపడుతోందా ఓపల్?"

"లేదు," అంది ఆమె.

నాకూ ఏమీ వినపడలేదు. గడ్డిలో మిడతలు కూడా లేవు. అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, నడిచి వెళ్ళి బండిలో కూర్చున్నాడు. తేలికపడ్డ మనిషిలా ఉన్నాడు. దారిలో ఆకలేస్తోందన్నాడు.

అతను దారిలో ఒక హోటల్లో తింటుండగా బయట నిలబడి ఓపల్ నాతో అంది: "అబద్ధం చెప్పానురా. వినపడింది. ఆడగొంతు. పిండి కలిపేటప్పుడు పాడుకునే రాగం. ఇంతకుముందు నాకెప్పుడూ అలా వినపడలేదు."

"మరి ఆయనతో..."

"చెప్తే కంచె దూకేవాడు," అంది.

మళ్ళీ చలికాలం రాకముందే డెల్బర్ట్ మేనకోడలు వచ్చి అతన్ని తన ఊరికి తీసుకుపోయింది. ఓపల్ ఇప్పటికీ ట్రెయిలర్ తీసుకుని తిరుగుతూనే ఉంది. కొలరాడో కొండల మీద, గట్టి రాతినేల చూసుకుని దిగుతుంది. కొళాయికి మాత్రం బండిని కలపదు. నీళ్ళు డబ్బాల్లో మోసుకుపోతుంది.