బేరింగు చలపతిరావు చెవి

చలపతిరావుకు చెవి ఉందనేవారు జనం. మనకూ రెండేసి ఉన్నాయి గదా అంటే నవ్వేవారు. ఆయన చెవి వేరు. లారీ గానీ జీపు గానీ జాకీ మీద లేపి, చక్రం గిర్రున తిప్పి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన చక్రం నడుముకు ఆనించి, కర్ర పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "లోపలి బేరింగు పోయింది. బయటిది ఇంకో ఏడాది లాగుతుంది" అనేవాడు. విప్పి చూస్తే అచ్చం అంతే. సంగారెడ్డి దాకా బొంబాయి రోడ్డు మీద తిరిగే డ్రైవర్లందరికీ ఆయన బేరింగు రావుసాబ్. అసలు పేరు సగం మందికి తెలియదు.

ఆయనది సామర్లకోట పక్క. అరవై అయిదులో పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద కార్ఖానాలో ఫిట్టరుగా చేరాడు. సమ్మెటలతో ఇనుప రేకులు కొట్టే షెడ్డు అది. పక్కవాడితో మాట్లాడాలంటే చేతులు తిప్పాల్సిందే. ఇస్నాపూర్‌లో ఒక గది, దాని ముందు రేకుల పంచ కిరాయికి తీసుకుని, మరుసటి ఏడు పెళ్ళి చేసుకుని బుల్లెమ్మను తెచ్చుకున్నాడు. డ్యూటీ దిగాక పంచలో కూర్చుని చక్రాలు చూసేవాడు. ఆ పనంటే ఆయనకు ప్రాణం.

నాలుగేళ్ళు కాపురం చేసింది బుల్లెమ్మ. డెబ్భైలో ఒక ఆదివారం పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్ళింది. చుట్టపుచూపుగానే అనుకున్నాడాయన. ఆమె బయల్దేరేటప్పుడు పంచలో వీధివైపు తిరిగి కిరసనాయిలులో బేరింగు కడుగుతున్నాడు. తలెత్తేసరికి ఆమె రోడ్డు దాకా వెళ్ళిపోయింది. నెలయింది, ఏడాదయింది, రాలేదు. ఇంటి యజమానురాలు ఆగమ్మ ఎదురింట్లోనే ఉండేది. "ఏమైందయ్యా, ఎందుకు రాలే?" అని అడిగితే "ఇక్కడి నీళ్ళు పడలేదండి" అన్నాడు. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పి చెప్పి, చివరికి తనూ నమ్మాడు. ఆమెనే అడగొచ్చు గదా? అడిగితే మగతనం ఎక్కడ కరిగిపోతుందో! ఏడాదికి రెండు కార్డులు ఆయన రాసేవాడు, రెండు ఆమె రాసేది. అందరూ క్షేమం.

ఆమె వెళ్ళాక ఇల్లు చడీ చప్పుడూ లేకుండా పోయింది. మనిషి లేని ఇల్లు అలాగే ఉంటుందనుకున్నాడు. పంపుస్టవ్వు రొద తగ్గితే స్టవ్వు పాతదైపోయిందనుకున్నాడు. డెబ్భై నాలుగు శ్రావణంలో ఒక పొద్దున నిద్రలేచి చూస్తే, పంచ చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. నెత్తిమీద రేకులు. ఆ రేకుల మీద వాన కురుస్తోంది. చప్పుడు లేదు. మంచం మీద కూర్చుని ఆ వాన ఆగేదాకా చూశాడు. చాలా భయమేసింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరొస్తారు? సాయంత్రం చక్రం పట్టుకొచ్చిన డ్రైవర్లు పంచలో రాయి మీద కూర్చుని బీడీ ముట్టించి, ఊళ్ళ కబుర్లు చెప్పేవాళ్ళు. వాళ్ళు తప్ప ఆయన గుమ్మం తొక్కే మనిషి లేడు. వాళ్ళొచ్చేది చెవి కోసం. అందుకని పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నాడు. నలుగురూ నవ్వినప్పుడు తనూ నవ్వాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళకు తగిలే అదురును బట్టి చెప్పేవాడు. అలా ఏడాది నెట్టుకొచ్చాడు.

అప్పుడొచ్చింది ఆ కారు. పటాన్‌చెరులో ధాన్యం వ్యాపారం చేసే ప్రహ్లాద్, హైదరాబాద్‌లో ఎవరో నవాబుగారి బంగళాలో మూలపడి ఉంటే కొనుక్కొచ్చాడు. పైకప్పు లేదు, ఇద్దరికే చోటు, నేలకు జానెడెత్తు. ఇంగ్లండులో పందేలకు తోలే రకం. వడ్లబస్తా ఒక్కటి పట్టదు, ఆ వ్యాపారికి దానితో ఏం పనో ఆయనకే తెలియాలి.

"రావుసాబ్, గీ ముందటి చక్రాలు గుర్రుమంటున్నయ్. జెర మంచిగ చెయ్యాలె. దీని మీద నాకు పానం" అన్నాడు ప్రహ్లాద్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికి తెచ్చిన కొత్త బేరింగులు కాగితపు పొట్లంలో ఉన్నాయి.

ఆ ఆదివారం చలపతిరావు మురిసిపోయాడు. అలాంటి కారు ఆయన చేతిలో ఎప్పుడూ పడలేదు. చక్రాలు ఊడదీసి, పాత రింగుల్ని ఇత్తడి కడ్డీతో చుట్టూతా కొద్దికొద్దిగా తట్టి దించాడు. అంతా కిరసనాయిలులో కడిగాడు. కొత్త రింగులు వంకరపోకుండా దిగగొట్టాడు. అరచేతిలో గ్రీజు వేసుకుని, రోలర్ల సందుల్లోకి ఎక్కేదాకా బేరింగును రుద్దాడు. లోపలిది పెట్టి, సీలు వేసి, ఇరుసు మీదికి ఎక్కించి, బయటిది పెట్టి నట్టు తిప్పాడు.

అసలు విద్య ఆ నట్టులోనే ఉంది. వదులైతే చక్రం ఊగుతుంది, బిగువైతే బేరింగు కాలిపోతుంది. కార్ఖానాలో దానికి కొలతలున్నాయి. చలపతిరావు కొలత చెవే. చక్రం తిప్పుతూ నట్టు బిగిస్తాడు, లోపల ఏడుపు మొదలవుతుంది, ఏడుపు ఆగేదాకా వెనక్కి వదుల్తాడు. ఆ రోజూ బిగించాడు, చెవి పెట్టాడు. ఏడుపు లేదు. ఇంకాస్త బిగించాడు. లేదు. కొత్త బేరింగు, మంచి సరుకు, అందుకే చప్పుడు లేదని సంతోషపడి పిన్ను వేసేశాడు. పాత బేరింగయితే వేళ్ళు చెప్పేవి. నున్నటి కొత్తది వేళ్ళకేమీ చెప్పలేదు.

ప్రహ్లాద్ తోలుతుంటే ఇద్దరూ కారులో సంగారెడ్డి వైపు బయల్దేరారు. గాలి మొహానికి కొడుతోంది. చలపతిరావు నవ్వుతూ, "ఎలా ఉంది? పట్టులా పోతోంది కదూ!" అన్నాడు. ప్రహ్లాద్ తిరిగి చూసి ఏదో అన్నాడు. ఈయన తలాడించి మళ్ళీ నవ్వాడు. ప్రహ్లాద్ కారు పక్కకు తీసి ఆపేశాడు. ముందు చక్రం దగ్గర సన్నగా పొగ. చలపతిరావు దిగి చెయ్యి పెట్టాడు. చర్మం చురుక్కుమంది.

ప్రహ్లాద్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "రెండు మైళ్ళ సంది మొత్తుకుంటుంది గదయ్యా! మీకు ఇనవడ్తలేదా?"

పెదాలు స్పష్టంగా కనిపించాయి. అబద్ధానికి సందు లేదు.

"లేదండి. నాకు చెవులు పోయాయి."

ప్రహ్లాద్ కోపం అక్కడే దిగిపోయింది. "ఎప్పటి సంది?"

"ఏమో. ఇనుము చప్పుడు మొన్నమొన్నటిదాకా వినపడింది. ముందు పోయింది మా ఆవిడ గొంతే. మెల్లగా మాట్లాడేది..."

తను ఏమన్నాడో తనకప్పుడు తెలిసింది. వంటింట్లోంచి ఆమె ఏదో అంటున్నట్టు పెదాలు కదలడం, తను తల తిప్పుకుని పని చూసుకోవడం, అవన్నీ గుర్తొచ్చాయి. చివరి ఏడాది ఆమె మాట్లాడటం మానేసింది. పొందిగ్గా సర్దుకుందని సంతోషించాడు!

కారు చల్లారాక మెల్లగా ఇంటికి తెచ్చి, బేరింగు కడిగి చూశారు. అదృష్టం, పెద్దగా చెడలేదు. ఈసారి స్క్రూడ్రైవరు పిడి ప్రహ్లాద్ చెవికి పెట్టి, తను నట్టు పట్టుకున్నాడు. ఏడుపు వినపడి ప్రహ్లాద్ చెయ్యెత్తగానే నట్టు వెనక్కి వదిలాడు.

ప్రహ్లాద్ ఎవరికీ చెప్పలేదు. ఇక దాచే ఓపిక లేక చలపతిరావే వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. అయ్యో అన్నారు, బీడీ కాల్చుకుని వెళ్ళారు, మళ్ళీ రాలేదు. దసరా నాటికి పంచలో రాయి మీద కూర్చునేవాడే లేడు.

అప్పుడు బుల్లెమ్మకు ఉత్తరం రాశాడు. ఈసారి కార్డు కాదు, కవరు. "నాకు చెవుడు వచ్చింది. నువ్వు ఇక్కడుండగానే మొదలైనట్టుంది. నాకు తెలియలేదు." అంతకన్నా ఏం రాయాలో తోచలేదు.

పదిహేను రోజులకు జవాబొచ్చింది. పంచలో, ఆ రాయి మీదే కూర్చుని చదివాడు.

"మీరు బదులు చెప్పకపోతే, గోడతో కాపురం చేస్తున్నాననుకున్నాను. ఆ రోజుల్లో నేనడిగినవి కొన్ని రాస్తున్నాను, ఇప్పుడైనా చెప్పండి. పులుసులో ఉప్పు సరిపోయిందా? నా కొత్త చీర బాగుందా? రెండోసారీ కడుపు నిలవలేదు, మీకు బాధ లేదా? ఆఖరిది, గుమ్మంలో పెట్టె పట్టుకుని అడిగాను. వెళ్ళమంటారా, ఉండమంటారా? రెండుసార్లు అడిగాను. మీరు బేరింగు కడుగుతున్నారు."

చలపతిరావు కాగితం ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు.

"ఉండు" అన్నాడు.

గట్టిగానే అన్నట్టున్నాడు, ఎదురింట్లోంచి ఆగమ్మ తొంగిచూసి, "ఎవల్ని పిలుస్తున్నవయ్యా?" అని కేకేసింది. ఆయనకు వినపడలేదు. గుమ్మాన్నే చూస్తూ ఇంకోసారి అన్నాడు.