పాత స్కూలు గదిలో నాలుగు కుండలు

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మా పురావస్తు సంఘానికి నేను అధ్యక్షుణ్ణి కావడం వెనక గొప్ప కథేమీ లేదు. ఆ ఏడు వార్షిక సమావేశంలో ఎవరూ చెయ్యెత్తలేదు, అంతే. లైబ్రరీ మీటింగ్ రూములో ఇరవైమందిమి ఉన్నాం. నేను తప్ప దాదాపు అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఒకరికి మోకాళ్ళ ఆపరేషన్, ఒకరికి భార్య ఆరోగ్యం బాగాలేదు, ఒకరు వేసవంతా కూతురి దగ్గర ఉంటారు. అందరూ కారణాలు చెప్పుకున్నాక మాస్టారు నావైపు తిరిగి చూశారు. చూసి ఊరుకున్నారు. నేను చెయ్యెత్తాను.

ఆయన్ని మాస్టారని నేను మనసులోనే పిలుచుకునేవాణ్ణి. పైకి అందరిలాగే పేరు పెట్టి పిలవాలి. ఎనభై ఏళ్ళ మనిషిని అలా పిలవడం నా నోటికి ఎన్నేళ్ళకీ అలవాటు కాలేదు. ఆ ఊరి హైస్కూల్లో జీవితమంతా సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పంతొమ్మిదివందల అరవైల్లో ఈ సంఘాన్ని పెట్టింది ఆయనే.

నేను చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుని. రెండువేల మూడులో ఒక శనివారం మా అమ్మాయిని లైబ్రరీకి తీసుకెళ్తే, అక్కడ నోటీసు బోర్డు మీద కాగితం కనిపించింది: ఇళ్ళు కట్టబోయే పొలంలో తవ్వకం జరుగుతోంది, వాలంటీర్లు కావాలి. ఆ ఆదివారం ఊరికే చూద్దామని వెళ్ళాను. జొన్నచొప్ప రంగులో ఎండిపోయిన పొలం. మధ్యలో నిలువులోతు కందకం తవ్వి ఉంది. మాస్టారు గోడలో ఒకచోట తాపీతో గీసి చూపించారు. ఎర్రమట్టి మధ్యలో బూడిదరంగు ఒండ్రు, గిన్నె ఆకారంలో.

"ఇది కాలవ. వెయ్యేళ్ళ కిందట ఇక్కడి జనం కర్రలతో, చేతులతో తవ్వుకున్నది" అన్నారాయన.

నేను తెనాలి పక్కన కృష్ణా కాలవల కింద పుట్టినవాణ్ణి. "తూము ఎక్కడుంది? ఎవరి చేనుకి ముందు నీళ్ళు వెళ్ళేవి?" అని అడిగాను. ఆయన తాపీ కింద పెట్టి నవ్వారు. "ఇక్కడికి వచ్చినవాళ్ళంతా బంగారం దొరికిందా అని అడుగుతారయ్యా. ఈ ప్రశ్న అడిగినవాణ్ణి నిన్నే చూశాను" అన్నారు. అక్కణ్ణించి నాలుగేళ్ళు ఆయన వెంటే తిరిగాను. కుండ పెంకు చూసి అది అంచుదా అడుగుదా చెప్పడం, మట్టిని పొరలు పొరలుగా తియ్యడం, దొరికింది ఎక్కడ దొరికిందో రాయకపోతే అది రాయితో సమానమని తెలుసుకోవడం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే.

అధ్యక్షుడంటే చేసేది కుర్చీలు వెయ్యడం, ప్రొజెక్టర్ తేవడం, ప్రసంగానికి వస్తానని చివర్లో రానన్నవాళ్ళ బదులు మరొకరిని వెతకడం. ప్రతి సమావేశం మొదట్లో ఆ నెల పోయిన సభ్యుల పేర్లు చదవడం కూడా నా పనే. ఏడాదికి ముగ్గురో నలుగురో ఉండేవారు. మా ఆవిడ మొదట్లో విసుక్కునేది. "మన తెలుగు అసోసియేషన్‌లో ఉగాదికి వాలంటీర్ చెయ్యమంటే టైమ్ లేదంటారు. ఇక్కడ మాత్రం వీకెండ్ అంతా పెంకులు కడుగుతారు" అనేది. తర్వాత తర్వాత తనూ వచ్చి కడిగేది.

మా సంఘం వస్తువులన్నీ ఒక పాత స్కూలు బిల్డింగులో, వెనక గదిలో ఉండేవి. మాస్టారి మీద గౌరవంతో స్కూలు వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన గది. నేను అధ్యక్షుణ్ణయిన రెండో ఏడు ఎండాకాలంలో ఉత్తరం వచ్చింది. బిల్డింగు పడగొడుతున్నారు, జూన్ ఆఖరికి ఖాళీ చెయ్యాలి. నలభై ఏళ్ళ అట్టపెట్టెలు. బూట్ల పెట్టెల్లో పెంకులు, చుట్టల పెట్టెల్లో గవ్వల గాజుల ముక్కలు, కిరాణా సంచుల్లో రాతి గొడ్డళ్ళు. చాలావాటికి జాబితా కూడా లేదు. నేను, మా ఆవిడ, సంఘం సెక్రటరీ, ముగ్గురం కూర్చుని ఒక్కొక్కటే తెరిచి రాయడం మొదలుపెట్టాం. సెక్రటరీ రిటైరైన నర్సు, నెమ్మదైన మనిషి.

మూడో రోజు మధ్యాహ్నం అలమర పై అరలో ఒక పెద్ద పెట్టె దొరికింది. లోపల పాత న్యూస్‌పేపర్లలో చుట్టిన నాలుగు కుండలు. తెలుపు మీద ఎర్ర గీతలవి, మూతికి చిన్న మూకుడు బోర్లించినవి. ఒక్కదానికీ పగులు లేదు. ఒకదాని మూతి దగ్గర వేలాడుతున్న లేబుల్ మీద మాస్టారి చేతిరాత: పత్తిచేను, బూడిద, జంతువు ఎముకలు, పక్కన ప్రశ్నార్థకం.

నేను దాని మూకుడు తీసి చూశాను.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న పోయారు. మూడో రోజు కాష్ఠం చల్లార్చి, పాలు చల్లి, అస్థికలు ఏరి కొత్త కుండలో పెట్టింది నేనే. సుద్దలా తెల్లబడి, అక్కడక్కడ నీలం తిరిగి, వంపు తిరిగి పగిలిన ముక్కలు. చేతికి ఏమాత్రం బరువుండవు. ఆ కుండలో ఉన్నవి నేను తాకకుండానే గుర్తుపట్టాను. పక్కన నిలబడ్డ మా ఆవిడ లోపలికి చూసి, చెప్పులు విడిచి వెనక్కి జరిగింది.

సెక్రటరీ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. పైనున్న ఒక ముక్క లోపలివైపు రక్తనాళాలు వదిలిన సన్నటి గాడులు ఉన్నాయి. "ఇది పుర్రె. మనిషిదే" అని, మూకుడు నా చేతిలోంచి తీసుకుని మెల్లగా మళ్ళీ మూసింది. మిగతా మూడూ మేం తెరవలేదు.

మర్నాడు మాస్టారింటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. నేను కూర్చోకముందే అడిగారు.

"పై అర దాకా వచ్చారా?"

"వచ్చాం. జంతువు ఎముకలని మీరే రాశారు కదా. మీకప్పుడు తెలియదా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత, "రాసిన రోజు తెలియదు. వారం తిరిగేసరికి తెలిసింది. లేబుల్ మార్చలేదు" అన్నారు.

"ఎందుకని?"

"మారిస్తే ఏదో ఒకటి చెయ్యాలి కదా. ఆ రైతు చేను చదును చేయిస్తున్నాడు. మేం బుల్డోజర్ వెనకాలే నడిచి ఏరాం. ఏరకపోతే పిండయిపోయేవి. ఆ రోజుల్లో అందరూ చేసిందే. తర్వాత్తర్వాత చెప్పడం కష్టమైంది."

"ఇప్పుడు చెబుదాం. నేనూ మీతో ఉంటాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను పోయేదాకా ఆగు. ఎక్కువకాలం పట్టదులే. ఈ ఊళ్ళో సగంమందికి పాఠం చెప్పాను. ఎముకలు దాచాడని నా గురించి పేపర్లో చదువుకోవడం చూడలేను."

నాకు విద్య నేర్పిన మనిషి నన్ను బతిమాలుతున్నారు. నేను సరేనన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. "కొన్నాళ్ళు మన గరాజ్‌లో పెడదాం. ఎవరికీ తెలియదు" అన్నాను.

తను కూర తరుగుతున్నదల్లా ఆపింది. "ఏమండీ, మామయ్యగారి అస్థికలు ఎవరో ఇలా అలమరలో పెట్టుకుంటే మీరు ఊరుకునేవారా? మనవాళ్ళయితే ఒక్కరోజు కూడా ఇంట్లోకి తేకుండా బయట చెట్టుకి కడతారు. నలభై ఏళ్ళు ఉంచారు. ఇంకెన్నాళ్ళు?"

"ఆయన పరువు పోతుందంటున్నారు."

"వాళ్ళ మనుషులు ఎక్కడో ఉన్నారా? ఆ కాలవలు తవ్వినవాళ్ళ తెగ ఉంటున్న రిజర్వేషన్ ఇక్కడికి ట్వెంటీ మినిట్స్ డ్రైవ్. రోజూ ఫ్రీవే మీద ఆ బోర్డు చూస్తూ ఆఫీస్‌కి వెళ్తారు కదా మీరు. ఒక్క ఫోన్ చెయ్యండి."

రెండు రోజులు కుండలు స్కూల్లోనే ఉంచి, సోమవారం ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఫోన్ చేశాను. తెగవారి కార్యాలయంలో ఇలాంటి విషయాలు చూసే ఆమె మాట్లాడారు. నేను సంఘం గురించి, గది గురించి తడబడుతూ చెప్పుకుపోతుంటే ఆపి, "ఎంతమంది?" అని అడిగారు.

"నాలుగు కుండలండీ."

"కుండలు సరే. మనుషులు ఎంతమంది?"

"నాకు తెలియదు" అన్నాను. ఆమె గొంతులో కోపం లేదు. ఇక తెరవవద్దనీ, ఫొటోలు తియ్యవద్దనీ, ఉన్నచోటే ఉంచమనీ చెప్పారు.

ఫోన్ చేసేముందు మాస్టారికి చెప్పాల్సింది. చెబితే మళ్ళీ ఆగమంటారని, నేను మళ్ళీ సరేనంటానని భయపడ్డాను. ఆ రెండు రోజుల పిరికితనం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆయనకి ఈ సంగతి అందరితో పాటు, కమిటీ సమావేశంలో తెలిసింది. ఒకాయన లేచి, మనది మ్యూజియం కాదు, ఎముకలు తెగలకి తిరిగి ఇవ్వాలన్న చట్టం మనకి వర్తించదు అన్నాడు. వర్తిస్తుందో లేదో నాకూ సరిగ్గా తెలియదు. మరొకాయన యూనివర్సిటీకి ఇస్తే పరిశోధన చేస్తారు కదా అన్నాడు. "నేను ఫోన్ చేసేశాను. ఎల్లుండి వస్తున్నారు" అని చెప్పాను. మాస్టారు టోపీ తీసుకుని లేచి వెళ్ళిపోయారు. ఆయన వెనకే మరో ఇద్దరు. ఆ ఇద్దరూ మళ్ళీ సంఘంలోకి రాలేదు.

చెప్పినరోజు ఉదయం ఫోన్‌లో మాట్లాడిన ఆమె, ఇద్దరు పెద్దమనుషులతో తెల్లటి పికప్‌లో వచ్చారు. మమ్మల్ని బయట ఉండమన్నారు. సెక్రటరీ, మా ఆవిడ, నేను వరండాలో నిలబడ్డాం. లోపల్నించి సన్నగా ఒక గొంతు వినిపించింది, పాటో ప్రార్థనో తెలియదు. అరగంట తర్వాత వాళ్ళు నాలుగూ గుడ్డల్లో చుట్టి తెచ్చి, బండిలో సర్దారు. ఇద్దరిలో పెద్దాయన మా ముగ్గురికీ చెయ్యి కలిపి వెళ్ళి కూర్చున్నాడు.

ఆమె నాతో, "ఎక్కడ తీశారో తెలిస్తే బాగుండేది. వీలైనంత దగ్గర్లో చోటు చూస్తాం" అన్నారు.

లేబుల్ మీద చోటు గురించి పత్తిచేను అని తప్ప ఏమీ లేదు. తెలిసినవారు మాస్టారొక్కరే. నేను రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగో రోజు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. కిరాణా సంచిలోంచి ఒక పాత నోటుబుక్కు తీసి నా చేతికిచ్చింది. "రెండు రోజులు గరాజ్ అంతా వెతికారు. నీతో మాట్లాడే స్థితిలో లేరు. ఇది మాత్రం ఇమ్మన్నారు" అంది. అందులో పెన్సిలుతో గీసిన పటం ఉంది. కాలవ తలుపు దగ్గర్నించి ఎన్ని అడుగులు తూర్పుకి, ఎన్ని దక్షిణానికి, ఒక్కో కుండ ఎంత లోతులో ఉందో అంతా రాసి ఉంది.

పుస్తకం తెగవారి కార్యాలయంలో ఆమెకి చేర్చాను. చలికాలం వచ్చాక ఫోన్ చేసి, "పూర్తయింది" అన్నారు. ఎక్కడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మాస్టారు భయపడ్డట్టు పేపర్లో ఏమీ రాలేదు.

దాదాపు ఏడాది గడిచాక ఒక ఆదివారం మాస్టారే ఫోన్ చేశారు. "నా డ్రైవింగ్ మాన్పించేశారు. ఒకచోటికి తీసుకెళ్తావా?" అని అడిగారు. వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. దారి చెబుతుంటే నడిపాను. పత్తిచేను ఉన్నచోట ఇప్పుడు పెంకుటిళ్ళ కాలనీ. ఒక మలుపులో ఆపమన్నారు. వరసలో మూడో ఇంటివైపు చూస్తూ కూర్చున్నారు.

"మొదటి కుండ బయటపడ్డప్పుడు గట్టిగా కేకేశాను. పిల్లలు పుట్టినప్పుడు కూడా అంత సంతోషపడలేదేమో" అన్నారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "క్షమించమని అడగాలి. ఎవర్ని అడగాలో తెలియడం లేదు" అన్నారు.

"తెగవారి ఆఫీసులో ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది" అన్నాను.

ఆయన చెయ్యి చాచారు. నేను నంబరు నొక్కి ఫోన్ ఆయనకిచ్చి, కారు దిగి దూరంగా వెళ్ళి నిలబడ్డాను. అద్దంలోంచి ఆయన తల వంచుకుని మాట్లాడటం కనిపించింది. మూడు నాలుగు నిమిషాలు పట్టిందేమో. నేను తిరిగి వచ్చి కూర్చున్నాక ఫోన్ ఇచ్చేశారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నారండీ?"

"చివరిదాకా విన్నది. చెప్పినందుకు మంచిదన్నది. అంతే." కిటికీ అద్దం పైకెత్తారు. "నా మీద నీకు కోపంగా ఉందా?"

"మీకే నా మీద కోపం ఉండాలి. ముందు మీకు చెప్పకుండా చేశాను."

"ఉండేది. చాలారోజులు ఉండేది" అన్నారు. ఆయన్ని ఇంటి దగ్గర దింపాను. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని దిగారు.

ఆ పై నెల నుంచి మళ్ళీ సమావేశాలకు రావడం మొదలుపెట్టారు. వెనక వరసలో కూర్చునేవారు, ప్రశ్నలు అడిగేవారు కాదు. ఒక చలికాలం అలా వచ్చి, ఎండలు ముదరకముందే పోయారు. సంఘం ఇంకో మూడేళ్ళు నడిచింది. తర్వాత మా సభ్యులు పదిమందికి తగ్గిపోతే, ఫీనిక్స్‌లో ఉన్న పెద్ద సంఘంలో కలిపేశాం. అప్పుడప్పుడు వాళ్ళ ప్రసంగాలకు నేనూ మా ఆవిడా వెళ్ళి వింటుంటాం.