రెండు అచ్చుల నడుమ

ఈ ఉదయం పెనం మీద గుడ్డు చిటపటలాడుతుంటే, "ష్పీగెలై వేస్తున్నా, రావే" అని, పెనం మీది గుడ్డుకు జర్మన్‌వాళ్లు వాడే మాటతో మా అమ్మాయిని పిలిచాను. "అమ్మా! ష్పీగెల్... ఐ! మధ్యలో ఆగాలి" అని నవ్వింది. ఆగినచోట దాని గొంతు చిన్నగా మూసుకుని తెరుచుకున్న చప్పుడు విని, అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నేను చదువుకోవడానికి జర్మనీలోని కెమ్నిట్జ్‌కు వచ్చిన కొత్తలో, అక్కడి సంఘంలో ఒక వృద్ధ పాస్టరుగారు నాకు జర్మన్ నేర్పారు. మన అలవాటు కొద్దీ ఆయనను అయ్యగారూ అని పిలిచేదాన్ని. యౌవనమంతా పసిఫిక్ సముద్రంలోని ఒక చిన్న దీవిలో సువార్త చెప్పినవారు. ఆ దీవి భాషలో హల్లులు చాలా తక్కువ. గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదలడం కూడా వాటిలో ఒకటి. "లో" అని, బిగబట్టి, "ఆ" అంటే క్షమించాడు. బిగబట్టకుండా "లోఆ" అంటే మరిచిపోయాడు.

"ఆ తేడా నా చెవికి అందలేదమ్మా," అన్నారు ఒక ఆదివారం. "సమాధుల దగ్గర నిలబడి, దేవుడు ఇతన్ని మరిచిపోయాడు అని ఏళ్ల తరబడి చెప్పాను. మర్యాదకు అందరూ తల వంచుకుని ఊరుకున్నారు. చివరికి ఒక విధవరాలు అడిగింది, మా ఆయన అంత తప్పేం చేశాడయ్యా అని."

తరువాత ఆయన గొంతులో క్యాన్సర్ బయటపడింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు నన్ను పిలిపించి, "నా సమాధి దగ్గర ఆ మాట నువ్వు చెప్పాలి. సరిగ్గా చెప్పాలి," అన్నారు.

"లోవా," అన్నాను.

"ఈ వకారం ఎక్కడిది?"

"మా నోరు రెండు అచ్చులను పక్కపక్కన కూర్చోనివ్వదండి. మధ్యలో ఏదో ఒకటి దూరుస్తుంది."

"అయితే నీ నోట దేవుడు క్షమించనూ లేదు, మరవనూ లేదు!" నవ్వబోయి దగ్గారు.

ఆపరేషన్ తరువాత ఆయనకు మాట లేదు. వేలు ఎత్తితే నేను బిగబట్టాలి, దించితే వదలాలి. నేను పలకడం, ఆయన తల అడ్డంగా ఊపడం. ఆయనను చూడడానికి నాతో వచ్చిన మా తెలుగు సంఘపు రూతక్క ఒకనాడు విసుక్కుంది: "ఒక్క మాటకి ఇంత గోలేంటే? దేవుడికి తెలుగు కూడా వచ్చులే!" తెలుగు తెలియని అయ్యగారు మళ్లీ వేలెత్తారు.

ఒక మధ్యాహ్నం ఆయన తల ఊపలేదు. కళ్లు మూసుకున్నారు. సరిగ్గా పలికానో, ఆయనే అలసి వదిలేశారో తెలియలేదు. నేను అడగలేదు. ఆ వారమే ప్రభువు ఆయనను పిలుచుకున్నాడు.

మంచు పడుతున్న ఆ శ్మశానంలో ఆ మాట చెప్పాను. తేడా తెలిసిన చెవి అక్కడ ఒక్కటీ లేదు. ఏ మాటతో ఆయనను సాగనంపానో నాకు ఇప్పటికీ తెలియదు. మోకరించి నా పాపాలు ఒప్పుకునేటప్పుడు, క్షమించు అనే ముందు నా గొంతు దానంతటదే బిగుసుకుంటుంది. ఊపిరాడదు. తెరిచేది ప్రభువేనని నమ్మి, అలాగే ఆగి ఉంటాను.